మున్న పంట డైరీ

మే 28

నేనూ తమ్ముడూ కథ కోసం కల్పించుకున్న ఏడుకట్టల సీమకు రెండేళ్లుగా పటం ఉంది, రాజులున్నారు, మూడు యుద్ధాలు కూడా అయిపోయాయి. తినడానికి మాత్రం ఏమీ లేదు. నిన్న రాత్రి నాలుగో అధ్యాయం తమ్ముడికి చదివి వినిపిస్తున్నాను. కట్ట కాపలా వాళ్లు తెల్లారకముందే లేచి ఇంత తిని బయల్దేరారు అన్న చోట వాడు ఆపాడు. "ఏం తిన్నరక్కా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అన్నం అని రాసేయొచ్చు. కానీ వరి అని రాస్తే దాని వెనకాలే మన నారుమడి, మన నాట్లు, మన రైసు మిల్లు అన్నీ నడిచొస్తాయి. అప్పుడు అది మన ఊరే అవుతుంది తప్ప ఇంకో లోకం కాదు. ఆ సీమకు సొంత పంట కావాలి.

సీమ అంతా ఏడు చెరువుల గొలుసు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే కింది చెరువు నిండుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల చుట్టూ తిరుగుతూ పెరిగిన వాళ్లం కాబట్టి మా ఊహకు కూడా కట్ట, తూము, మత్తడి తప్ప వేరే దారి దొరకలేదు. పంట ఎక్కడ పండాలో మాత్రం ఇవాళే తేల్చుకున్నాను. కట్ట కింద ఆయకట్టులో కాదు, చెరువు కడుపులో, శిఖంలో. నర్సంపేట దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో నీళ్లు వెనక్కి పోయే కొద్దీ ఆ తడి మట్టిలో దోస, పుచ్చ పెట్టేవాళ్లు. మొన్నటిదాకా చేపలు తిరిగిన చోట పుచ్చకాయ దొరకడం చిన్నప్పుడు నాకు పెద్ద మాయలా ఉండేది. ఆ మాయ ఈ పంటకు రావాలి.

జూన్ 11

మృగశిర వచ్చింది, వాన ఇంకా రాలేదు. పేరు కుదిరింది.

మొదట గంగజొన్న అనుకున్నాను. ఆ లోకంలో గంగా లేదు, జొన్నా లేదు, కొట్టేశాను. మన పాత పంటల పేర్లు వరసగా పలికి చూడండి: జొన్న, సజ్జ, కొర్ర, సామ, ఉలవ. అన్నీ రెండు మూడు అక్షరాలే. ఎక్కువ వాటిలో మధ్యలో ఒత్తు పడుతుంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా నోట్లో నలిగే మాట పొడుగ్గా ఉండలేదు. మునుగు అనే మాట నుంచి "మున్న" తీశాను. మున్న చేను, మున్న గటక, మున్న చొప్ప. తమ్ముడు పదిసార్లు పైకి అని చూసి, బాగుంది అన్నాడు.

జూన్ 26

మొక్కను కాగితం మీద గీసే ముందు నీళ్లలో మొక్కలకు ఏమవుతుందో కళ్లారా చూడాలి. కాలేజీలో పిల్లలకు వృక్షశాస్త్రం చెప్తాను గానీ, నీట మునిగిన పైరును రోజూ కూర్చుని చూసింది లేదు. మేడ మీద పెయింటు డబ్బాలు తొమ్మిది పెట్టాం. మూడింట్లో తెలంగాణ సోనా వరి, మూడింట్లో జొన్న, మూడింట్లో పచ్చిరొట్టకు వేసే జీలుగ. మట్టి సగం చెలకది, సగం చెరువుది. పక్కన ఒక నీలం డ్రమ్ము.

జూలై 18

వరి జానెడు దాటింది. ఒక వరి డబ్బాను అలాగే ఉంచి, మిగతా రెండింటిని డ్రమ్ములో పూర్తిగా ముంచాను. ఆకు కొస మీద ఇంకో మూరెడు నీళ్లున్నాయి. జొన్న డబ్బాలకూ జీలుగ డబ్బాలకూ అడుగు రంధ్రాలు మూసి, కాండం మొదళ్లు మునిగేలా నీళ్లు పోశాను.

జూలై 27

ఇవాళ డ్రమ్ములో నుంచి వరి బయటికి తీశాం. తొమ్మిది రోజులు మునిగి ఉన్న ఆకులు సన్నగా, పాలిపోయి, బయట ఉంచిన వాటికంటే బాగా పొడుగు సాగాయి. పైకి తేలి ఊపిరి తీసుకోవాలని ఆ మొక్కలు ఎంత తన్నుకున్నాయో తెలుస్తోంది. నీళ్లలో నిలబడే ఉన్నాయి. తీసిన క్షణమే తడి దారాల్లా వాలిపోయాయి. చూస్తే బాధేసింది. పొడుగు సాగడానికి ఉన్న శక్తంతా ఖర్చు పెట్టేశాయి, నిలబడడానికి ఏమీ మిగల్లేదు.

ఎందుకిలా అవుతుందో పిల్లలకు చెప్పేదే. మామిడి కాయల్ని మగ్గబెట్టే ఇథిలీన్ వాయువును మొక్క ఎప్పుడూ కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. గాలిలో అయితే అది వెంటనే చెదిరిపోతుంది. నీళ్లలో వాయువులు కదిలే వేగం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ. బయటికి పోలేక అది మొక్కలోనే పేరుకుంటుంది. మునిగిపోయాను అని మొక్కకు తెలిసేది అలాగే.

తెలిశాక ఏం చేయాలన్న దగ్గర రెండు దారులున్నాయి. బెంగాల్, అస్సాం వైపు లోతు నీటి వరి ఉంది. వరద వస్తే దాని కాండం రోజుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దాకా సాగగలదు. దానికి కారణమైన రెండు జన్యువులను 2009లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టి స్నార్కెల్ అని పేరు పెట్టారు. రెండో దారి దీనికి పూర్తిగా ఎదురు. ఒడిశాకు చెందిన ఒక పాత వరిలో సబ్ 1 అనే గుణం ఉంది. మునిగితే ఆ మొక్క పెరగడమే ఆపేస్తుంది, ఉన్న శక్తిని దాచుకుని రెండు వారాల దాకా ఓపిక పట్టగలదు. మారుటేరులో పుట్టిన మన స్వర్ణ రకానికి ఆ గుణం కలిపితే స్వర్ణ సబ్ 1 వచ్చింది, అదీ 2009లోనే రైతులకు విడుదలైంది. ఒకటి ఈదుతుంది, ఇంకోటి ఊపిరి బిగబడుతుంది.

మున్న ఏ దారి పట్టాలి? రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

జీలుగ మొదళ్లు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి. నీటి లోపల కాండం చుట్టూ తెల్లగా, మెత్తగా దూది లాంటి పొర వచ్చింది. వేలితో నొక్కితే స్పాంజిలా లోపలికి పోతోంది, అంతా గాలి గదులే. జొన్న కింది ఆకులు పసుపు పడ్డాయి గానీ కింది కణుపు దగ్గర కొత్త వేర్లు పొడుచుకొచ్చాయి. జొన్న ఇంత మొండిదని నేననుకోలేదు.

ఆగస్టు 4

వాలిపోయిన వరిలో 12 మొక్కలకు 5 కోలుకున్నాయి.

మున్న రూపం ఇవాళ తేలింది. రెండు దారులూ దానికిచ్చాను, కానీ వేర్వేరు వయసుల్లో. తొలకరికి శిఖంలో చల్లితే మొలుస్తుంది. నెల లోపు లేత మొక్క మునిగితే ఊపిరి బిగబట్టి ఊరుకుంటుంది. నాలుగు కణుపులు పడ్డాక మాత్రం నీటితో పాటే లేస్తుంది. చెరువు మూరెడు నిండితే అదీ మూరెడు పెరుగుతుంది. కణుపు కణుపుకూ జీలుగకు వచ్చినట్టు తెల్లటి బెండు కడుతుంది, ఆ బెండు మీదే కాండం తేలుతుంది. ప్రతి కణుపు నుంచీ నీళ్లలోకి వేర్లు దిగుతాయి.

పొద్దు తగ్గడం మొదలయ్యాకే పొట్టకొస్తుంది. లోతు నీటి వరికీ ఈ గుణముంది, పగటి పొడవు తగ్గడం గమనించి పూత పూస్తుంది. లేకపోతే నడి వరదలో కంకి వేసి నాశనమయ్యేది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు కాండమంతా బురద మీద పాములా పడుకుంటుంది, కొస మాత్రం మోకాలు వంచినట్టు వంగి పైకి లేస్తుంది. కంకి మట్టికి తగలదు.

కంకి రంగు గురించి తమ్ముడికీ నాకూ రెండు రోజులు వాదన నడిచింది. వాడికి నీలం కావాలి, ఇంకో లోకమని చూడగానే తెలియాలట. నేను ఒప్పుకోలేదు. పాలు పట్టిన కంకి మీద పిట్టలు వాలకుండా ఉండాలంటే గింజకు పొడుగాటి ముళ్ల మీసాలుండాలి, ఎండితే గునుగు పువ్వులా తెలుపూ గులాబీ కలిసిన రంగు తేలాలి. ఏ భాగమైనా ఏదో ఒక పని చేస్తేనే మొక్క మీద నమ్మకం కలుగుతుంది. చివరికి వాడు మీసాల కొసలకు కొద్దిగా నీలం అడిగాడు. సరే అన్నాను.

ఊక సంగతి కూడా రాసుకున్నాను. రామప్ప గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని మా బడిలో మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. సీమలో మున్న ఊక కలిపి కాల్చిన ఇటుకలు తేలతాయి. కాపలా గుడిసెలు వాటి మీదే చెరువు మధ్యలో నిలబడతాయి.

ఆగస్టు 19

ఇవాళంతా లెక్కలు. పటంలో మూడో కట్ట కింద 300 ఇళ్లు. ఇంటికి అయిదుగురు అనుకుంటే 1500 మంది. మనిషికి రోజుకు 400 గ్రాముల గింజ. అంటే ఊరు రోజుకు 600 కిలోలు తింటుంది. తమ్ముడు ఆ చెరువు శిఖాన్ని 40 ఎకరాలుగా గీశాడు. వానాధారపు పంటలాగే ఎకరానికి ఆరు క్వింటాళ్లు వేసుకుంటే 240 క్వింటాళ్లు.

నలభై రోజులకు సరిపోతుంది. అంతే.

మొదట కంగారు పడి చెరువును పెద్దగా గీయమన్నాను. వాడు రబ్బరు కూడా తీశాడు. మళ్లీ నేనే ఆపాను. మా నాయనమ్మ ఆషాఢం, శ్రావణం గురించి చెప్పే మాటలు గుర్తొచ్చాయి. పాత గింజ గుమ్మిలో అడుగంటేది, కొత్త పైరు ఇంకా చేలో పచ్చగా ఉండేది. ఇంట్లో పిల్లలకు ముందు పెట్టి పెద్దవాళ్లు అంబలి తాగి పడుకున్న రోజులవి. మున్న ఏడాదంతా తినే గింజ కాదు. ఆ నలభై రోజులను దాటించే గింజ. మాఘంలో కోసి, గుమ్మికి మట్టి మెత్తి, తొలకరి దాకా ఎవరూ ముట్టరు. నాలుగో అధ్యాయంలో కాపలా వాళ్లు తినేది మున్న కాదని కూడా దీంతో తెలిసిపోయింది. అది ఏ నెలలో జరుగుతుందో చూసి, అక్కడ ఏదో దుంప పెట్టాలి.

సెప్టెంబర్ 14

నీరటి తాత దగ్గరికి వెళ్లొచ్చాం. మా అమ్మమ్మ ఊళ్లో చెరువు తూము తీయడం, మూయడం చాలా ఏళ్లు ఆయన చేతిలోనే ఉండేది. ఏ మడికి ఎంత నీళ్లు పోవాలో చెప్పేదీ ఆయనే. ఇప్పుడు ఎనభై దాటాయి, చూపు తగ్గింది, మాట తగ్గలేదు.

ఇది లేని పంట, కథ కోసం కల్పించాం అని ముందే చెప్పాను. ఆయనకు అది పెద్ద విషయంలా అనిపించలేదు. "లేకుంటేంది, చెప్పు బిడ్డా" అని గడంచె మీద సర్దుకుని కూర్చున్నాడు. విత్తడం నుంచి కోత దాకా మొత్తం చెప్పాను. తమ్ముడు బొమ్మలను ఆయన కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు.

మొదటి ప్రశ్న: "తూము ఎప్పుడు తీస్తరు?"

నేను తడబడ్డాను. ఆయనే విడమరిచి చెప్పాడు. శిఖంల పంట పెట్టినోళ్లు నీళ్లు తొందరగా దించమంటరు, కంకి తడుస్తదని. కట్ట కింద ఆయకట్టోళ్లు ఆపమంటరు, యాసంగికి కావాలె గదా అని. చేపలు పట్టేటోళ్లు అసలు దించనే వద్దంటరు. "ముగ్గురూ నా ఇంటికే వచ్చేటోళ్లు బిడ్డా. ముగ్గురికీ న్యాయమే ఉంటది. నేను ఎవలకు చెప్పాలె?"

మేం రెండేళ్లుగా ముగ్గురు రాజుల మధ్య యుద్ధాలు రాసుకుంటూ వచ్చాం. ఆయన ఒక్క మాటతో యుద్ధాన్ని తూము దగ్గరికి తెచ్చి పెట్టాడు. అక్కడ ఎవరూ చెడ్డవాళ్లు కారు.

రెండో ప్రశ్న ఇంకా లోతుకు పోయింది. "వేరు గట్టిగ పట్టుకుంటదంటివి. కణుపు కణుపుకు వేర్లంటివి. మరి వాన నీళ్లతోని వచ్చే ఒండ్రు ఏడికి పోవాలె? గా దుబ్బుల్లనే ఆగుతది. ఏటేటా గింతంత పేరుకున్నా నీ మనుమలకు చెరువుండది, మడుగుంటది."

బొటనవేలు చూపించాడు. గింతంత అంటే అంగుళం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేమిద్దరం మాట్లాడుకోలేదు. మూడు నెలలు కష్టపడి నేను తయారు చేసిన పంట తాను పెరిగే చెరువునే పూడ్చేస్తుంది. ఆకలి రోజుల్లో ఊరిని బతికించే మొక్క ఊరి నీళ్లను తినేస్తుంది. వేర్లను బలహీనం చేసి ఈ తప్పును దిద్దేయొచ్చని నర్సంపేట దాటే దాకా అనుకున్నాను. హన్మకొండలో దిగేసరికి, దిద్దకూడదని అర్థమైంది.

సెప్టెంబర్ 15

అంగుళం ఒండ్రు, 40 ఎకరాల్లో. సుమారు 4,100 ఘనపు మీటర్లు. తట్టకు 20 లీటర్ల మట్టి పడుతుందనుకుంటే రెండు లక్షల పైచిలుకు తట్టలు. ఊళ్లో పని చేయగలిగిన వాళ్లు 850 మంది అనుకుంటే మనిషికి ఏడాదికి 240 తట్టలు. నలభై రోజులతో భాగిస్తే ఆరు.

మున్న తిన్న రోజుకు ఆరు తట్టల పూడిక. ఇదే సీమ చట్టం. రాజు పెట్టింది కాదు, రాజుల కంటే పాతది. ఎండాకాలంలో చెరువు అడుగు బయటపడగానే తట్టలు లేస్తాయి. ఆ మట్టి వృథా పోదు, చెలకల్లో పోసుకుంటారు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా ఊరి చెరువులో పూడిక తీస్తే ఆ నల్లమట్టి కోసం ట్రాక్టర్లు వరస కట్టడం నేను చూశాను. మట్టి పోసిన చేలో మరుసటి ఏడు పత్తి రంగే వేరుగా ఉండింది.

ఈ చట్టంతో కథలో చాలా కదులుతాయి. తట్టలు మోయలేని ముసలివాళ్ల తట్టలు ఎవరివి? చూలింతలవి? మొయ్యనని మొండికేసిన వాడికి గటక పెట్టాలా వద్దా? పై కట్ట ఊరు పూడిక తీయకపోతే వాళ్ల ఒండ్రు మత్తడి మీదుగా కింది ఊరికి వస్తుంది కదా! ఏడో కట్ట వాళ్లు అందరి బద్ధకాన్నీ మోయాలి.

అక్టోబర్ 2

భద్రకాళి చెరువు వైపు వెళ్లాం. బతుకమ్మ రోజులు కాబట్టి గునుగు, తంగేడు కట్టలు రోడ్డు పొడుగునా అమ్ముతున్నారు. గునుగు కట్ట ఒకటి కొని తెచ్చి తమ్ముడి బల్ల మీద పెట్టాను, కంకి రంగు సరిచూడ్డానికి. నా మాటే నిజమైంది.

చెరువు నిండని ఏడాది మున్నకు ఏమవుతుందో కూడా రాసేశాను. వాన ఎగ్గొట్టి గిడసబారిన లేత జొన్నను పశువులు మేస్తే చచ్చిపోతాయని మన రైతులకు బాగా తెలుసు. అందులో పుట్టేది సైనైడు విషం. మున్నదీ అదే గుణం: నీళ్లు చూడని మొక్క గింజ చేదెక్కుతుంది. మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మారిస్తేనే విషం దిగుతుంది. నీళ్లు లేని ఏడాదే గింజను కడగడానికి ఎక్కువ నీళ్లు కావాలి. ఆరో అధ్యాయం దీని మీదే నడుస్తుంది, ఇక్కడ ఇంతకంటే చెప్పను.

అక్టోబర్ 19

వంట రోజు. మున్న రుచి ఎలా ఉంటుందో తెలియకుండా దాని గురించి రాయడం నాకు ఇష్టం లేదు. నీళ్లలో పెరిగే గింజ కాబట్టి జొన్నపిండిలో మూడో వంతు సింగాడా (చెరువుల్లో కాసే ఒక కాయ) పిండి కలిపాను, ఉపవాసాలకు కిరాణా కొట్టులో అమ్మేదే. మసిలే నీళ్లు పోసి రొట్టె తట్టితే జొన్నరొట్టెలా అంచులు పగల్లేదు. మెత్తగా సాగింది, కానీ పెనం మీద గట్టిపడి అట్టలా అయింది. రొట్టెకు పనికిరాదు.

గటక మాత్రం అద్భుతంగా కుదిరింది. జొన్న రవ్వ ఉడుకుతుండగా చివర్లో సింగాడా పిండి జారుగా కలిపి పోశాను. నిగనిగలాడే ముద్ద వచ్చింది, చివర కొంచెం తీపి. పచ్చిపులుసుతో తిన్నాం. అమ్మ రెండోసారి వడ్డించుకుంది. "గీ ముద్ద చెయ్యికి అంటదు, పిల్లలకు మంచిగుంటది" అంది. సీమలో మున్నను చేత్తో ముద్ద చేసి పిల్లల నోట్లో పెడతారని, పెద్దవాళ్లు జారుగా తాగుతారని రాసుకున్నాను. రొట్టె అన్న మాట మొదటి మూడు అధ్యాయాల్లో ఎక్కడ కనిపించినా కొట్టేశాను.

నవంబర్ 9

తాత చెప్పింది నిజమో కాదో డబ్బాల్లో చూడాలని సెప్టెంబర్ చివర్లోనే మొదలుపెట్టాను. రెండు వెడల్పు టబ్బులు. రెండింటికీ పై అంచు కింద నీళ్లు బయటికి పోయే రంధ్రం, అదే మత్తడి. ఒకదాంట్లో కోలుకున్న వరి దుబ్బులు, జీలుగ మొదళ్లు నాటాను. రెండోది ఖాళీ. వారానికి రెండుసార్లు రెండింట్లోనూ ఒకే కొలతతో ఒండ్రు నీళ్లు పోశాను, ఎక్కువైనవి మత్తడి మీదుగా పోయేలా. ఇవాళ నీళ్లు వంపి ఆరబెట్టి స్కేలు పెట్టి చూశాం. ఖాళీ టబ్బులో 9 మిల్లీమీటర్లు. మొక్కలున్న టబ్బులో 21. దుబ్బుల మధ్య మట్టి చిన్న చిన్న గుట్టల్లా ఆగింది, వేలితో తీస్తే వేర్లతో సహా పెళ్లగా వచ్చింది.

నవంబర్ 16

తమ్ముడు చేర్యాల నకాషీ పటాల తీరులో మున్న పుట్టుక కథ గీశాడు. ఖద్దరు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద కలిపి పూత పూసి, ఎర్రటి నేపథ్యం వేసి, పై నుంచి కిందికి వరసలు. విత్తడం, మునగడం, తేలడం, కోత, గుమ్మి, తట్టలు. మొదటి పూత రెండుసార్లు పగిలింది, మూడోసారి నిలిచింది. చేర్యాల కళాకారుల చేతి ఒడుపు మాకు రాదు, గీత మా గీతే. అయినా వరస పద్ధతిలో చూస్తే కథ నడక ఇంకా బాగా తెలుస్తోంది.

చివరి వరసలో తట్టలు మోసే వాళ్ల బారు ఉంది. ముందు ఎవరు నడవాలో మాకు తెగలేదు. వాడు రాజు అన్నాడు, నేను ఆ ఏడు పుట్టిన బిడ్డ తల్లి అన్నాను. పటం చుట్టుకుని తాత దగ్గరికే పోయాం. గుడ్డను వేళ్లతో తడుముతూ వరసలన్నీ చెప్పించుకున్నాడు. టబ్బుల కొలతలు చెప్తే ఒకసారి తల ఊపాడు. తర్వాత మా ప్రశ్న అడిగాను.

"నీరటిది," అన్నాడు వెంటనే. "తూము కాడ నిలబడి అందరికీ నీళ్లు పంచినోడు వాడే గదా. ముందు తట్ట వాడెత్తాలె. వాడు ఎత్తినంక ఎవడూ కూసోడు."

తమ్ముడు అక్కడే, గడంచె పక్కన కింద కూర్చుని, బారు మొదట్లో ఉంచిన ఖాళీలో తలపాగా చుట్టుకున్న ఒక మనిషిని గీయడం మొదలుపెట్టాడు. ఆ మనిషికి చూపు తక్కువ. చేతిలో కర్ర లేదు, నెత్తి మీద తట్ట ఉంది.